ఒక చక్రం గాలిలో తేలితే లిమిటెడ్ స్లిప్ ఎందుకు ఆదుకోలేదు?

ప్రశ్న: వెనుక చక్రాలతో నడిచే పాత పికప్ బండి ఒకటి ఈమధ్య కొన్నాను. వెనుక యాక్సిల్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉందని బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. అయితే ఒక గుంత అంచున బండి ఒరిగి, వెనుక కుడి చక్రం నేలను విడిచి కాస్త పైకి లేచినప్పుడు, ఆ చక్రం మాత్రమే గిర్రున తిరిగింది, గట్టి నేల మీద ఉన్న ఎడమ చక్రం ఉలకలేదు. లిమిటెడ్ స్లిప్ ఉన్నదే ఇలాంటి సమయంలో ఆదుకోవడానికి కదా? అది చెడిపోయినట్టేనా? రెండో సంగతి, యాక్సిల్ నూనె మార్పించినప్పటి నుంచి బండిని బాగా తిప్పి మలుపు తీసుకునేటప్పుడు వెనుక నుంచి గరగరమని కొట్టుకుంటున్న శబ్దం వస్తోంది. ఇవన్నీ ఎందుకు, లోపలి గేర్లను వెల్డింగ్ చేసేస్తే రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయని మెకానిక్ అంటున్నాడు. చేయించమంటారా?

సమాధానం: మీ మూడు ప్రశ్నలకూ ముందు సూటిగా జవాబు చెప్పి, ఆ తరువాత కారణాలలోకి వెళతాను. ఒక చక్రం ఉత్తినే తిరిగి, రెండోది కదలకుండా ఉండిపోవడం ఒక్కటే డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, చెడిపోయిందనడానికి రుజువు కాదు. మీరు వివరించిన చోట, నిక్షేపంగా ఉన్న లిమిటెడ్ స్లిప్ కూడా దాదాపు అలాగే ప్రవర్తిస్తుంది. మలుపుల్లో శబ్దం నూనె మార్చిన తరువాతే మొదలైంది కనుక, ముందుగా అనుమానించవలసింది ఆ నూనెనే. ఇక వెల్డింగ్ మాత్రం దయచేసి చేయించకండి. ఈ మూడు జవాబులకూ మూలం ఒకటే: లిమిటెడ్ స్లిప్ అనేది రెండు చక్రాలనూ కట్టిపడేసే తాళం కాదు, జారుతున్న చక్రం ఎంత టార్క్ (తిప్పే బలం) మోయగలుగుతోందో దానికంటే కొంత ఎక్కువను, ఆ కొంతను మాత్రమే, రెండో చక్రానికి అందించే ఏర్పాటు. ఆ "కొంత" ఎక్కడి నుంచి వస్తుందో అర్థమైతే మీ బండి ఆనాడు ఎందుకు కదలలేదో దానంతట అదే తేలిపోతుంది.

అసలు డిఫరెన్షియల్ అవసరం మలుపుల దగ్గర మొదలవుతుంది. రెండు వెనుక చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకుందాం. యాక్సిల్ మధ్యబిందువు 6 మీటర్ల వ్యాసార్ధంతో ఒక పూర్తి చుట్టు తిరిగితే, లోపలి చక్రం సుమారు 33 మీటర్లు, బయటి చక్రం 42 మీటర్లకు పైగా దొర్లాలి. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించేస్తే ఆ 9 మీటర్ల తేడాను టైర్లు రోడ్డు మీద ఈడ్చుకుపోతూ భరించవలసి వస్తుంది. ఈ చిక్కుకు విరుగుడుగా ఫ్రాన్స్‌కు చెందిన ఒనెసిఫోర్ పెక్యూర్ 1827లో, తన ఆవిరి వాహనం కోసం, గేర్ల డిఫరెన్షియల్‌కు పేటెంట్ తీసుకున్నాడు. నేటి వాహనాల్లో ఉన్నదీ మూలసూత్రంలో అదే. ఇంజన్ నుంచి వచ్చిన ప్రొపెల్లర్ షాఫ్ట్ పినియన్ అనే చిన్న గేరు ద్వారా క్రౌన్ వీల్ అనే పెద్ద గేరును తిప్పుతుంది. క్రౌన్ వీల్‌కు బిగించిన కేజ్ దానితో పాటే తిరుగుతుంది. కేజ్ లోపల అడ్డంగా అమర్చిన ఇరుసు మీద చిన్న స్పైడర్ గేర్లు ఉంటాయి. అవి కుడి ఎడమల ఉన్న రెండు సైడ్ గేర్లను నడిపిస్తాయి. ఒక్కొక్క సైడ్ గేర్ నుంచి ఒక్కొక్క యాక్సిల్ షాఫ్ట్ చక్రానికి వెళుతుంది.

ఈ అమరికకు రెండు గుణాలున్నాయి. మొదటిది వేగానికి సంబంధించినది: రెండు చక్రాల వేగాల సగటు ఎప్పుడూ క్రౌన్ వీల్ వేగానికి సమానంగా ఉంటుంది. క్రౌన్ వీల్ నిమిషానికి 300 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక చక్రం ఆగిపోతే, రెండోది 600 చుట్లు తిరుగుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. గేర్‌బాక్స్ దగ్గర వేగాన్ని కొలిచే పాతకాలపు స్పీడోమీటర్ 40 కిలోమీటర్లు చూపిస్తోందంటే, బురదలో ఒంటరిగా తిరుగుతున్న టైరు నిజానికి 80 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోందన్నమాట. ఆక్సిలరేటర్‌ను తొక్కిపట్టి చూస్తూ ఉంటే టైరు వేడెక్కి పేలిపోయే ప్రమాదం ఉంది కనుక, అలాంటప్పుడు ఎవరినీ ఆ చక్రం దగ్గర నిలబడనివ్వకండి.

రెండో గుణం టార్క్‌కు, అంటే చక్రాన్ని తిప్పే బలానికి సంబంధించినది. మీ కష్టానికి అసలు కారణం ఇదే. స్పైడర్ గేరు భుజం మీద మోసే కావడిబద్ద వంటిది: దాని మధ్యలో కేజ్ నెడుతుంది, రెండు కొసలలోని పళ్లు రెండు సైడ్ గేర్లను నెడతాయి, ఆ రెండు కొసల మీదా బరువు సమానంగా ఉంటేనే అది నిలుస్తుంది. ఒక వైపు ఎదురు తగ్గితే బద్ద ఆ వైపుకు తిరిగిపోతుందే తప్ప రెండో వైపు ఎక్కువ బలంతో నెట్టలేదు. అందువల్ల మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన టార్క్‌నే ఇస్తుంది, ఆ సమానం ఎంత అన్నది తక్కువ పట్టు ఉన్న చక్రమే నిర్ణయిస్తుంది. బురదలోని చక్రం 150 న్యూటన్ మీటర్ల దగ్గరే జారిపోతుందనుకోండి. రెండో చక్రం కింద ఎంత గట్టి నేల ఉన్నా దానికీ అందేది 150 మాత్రమే, మొత్తం 300. ఇంజన్‌లో ఎంత సత్తువ ఉన్నా ఆ లెక్క మారదు. "బలమంతా జారే చక్రానికే వెళ్లిపోతుంది" అని చాలామంది అంటారు. వెళ్లేది చలనమే, టార్క్ రెండింటికీ సమానంగా, సమానంగా తక్కువగా, చేరుతుంది.

లిమిటెడ్ స్లిప్ ఈ సమానత్వాన్ని కొంతమేరకు చెరిపేస్తుంది. అందుకు వాడుకునేది ఘర్షణను. మీ బండిలో ఉన్నది, మీరు చెప్పిన శబ్దాన్ని బట్టి చూస్తే, క్లచ్ ప్లేట్ల రకమై ఉండాలి. ఒక సైడ్ గేరు వెనుక భాగాన్ని విప్పి చూస్తే పలుచని ఉక్కు పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చి కనిపిస్తాయి. వాటిలో ఒకటి విడిచి ఒకటి లోపలి అంచున పళ్లు కలిగి సైడ్ గేరుతో కలిసి తిరుగుతాయి. మిగిలినవి బయటి అంచున ఉన్న చెవులతో కేజ్ గాడిలో ఇమిడి కేజ్‌తో కలిసి తిరుగుతాయి. బండి నేరుగా పోతున్నంతసేపు సైడ్ గేరుకూ కేజ్‌కూ వేగంలో తేడా ఉండదు కనుక పళ్లేలన్నీ ఒక్కటిగా తిరుగుతాయి. ఒక చక్రం జారి కేజ్‌ను మించి పరుగెత్తబోయినప్పుడు పళ్లేలు ఒకదానిమీద ఒకటి రాపిడి చెంది, వేగంగా తిరిగే చక్రాన్ని వెనక్కు లాగి, నెమ్మదిగా ఉన్న చక్రాన్ని ముందుకు నెడతాయి.

ఆ రాపిడి ఎంత ఉండాలన్నది పళ్లేలను ఎంత గట్టిగా అదిమిపెట్టారన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ అదుముడు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, లోపల నొక్కిపెట్టి ఉంచిన స్ప్రింగు. ఇది ఎప్పుడూ ఉండే బలం, పరిమాణంలో చిన్నది. రెండోది, టార్క్ నుంచే పుట్టే బలం. వాలుగా కోసిన గేరు పళ్లు భారం పడ్డప్పుడు ఒకదానినొకటి పక్కకు తోసుకుంటాయి, ఆ తోపుడు సైడ్ గేర్లను బయటికి నెట్టి పళ్లేలను బిగిస్తుంది. పందెపు కార్ల రకాల్లోనైతే స్పైడర్ గేర్ల ఇరుసు కొసలు రెండు ఒత్తుడు రింగుల మధ్య కోసిన వాలు గాడుల్లో ఉంటాయి; ఇంజన్ బలం పెరిగే కొద్దీ ఇరుసు ఆ వాలు ఎక్కుతూ రింగులను దూరంగా నెట్టి పళ్లేలను అదుముతుంది. రెండింటిలోనూ సంగతి ఒక్కటే: టార్క్ పెరిగితేనే బిగింపు పెరుగుతుంది.

ఇప్పుడు మీ గుంత దగ్గరికి వద్దాం. లెక్క కోసం, స్ప్రింగు వల్ల రెండు చక్రాల మధ్య వచ్చే టార్క్ తేడా 100 న్యూటన్ మీటర్లనీ, దానికి తోడు మొత్తం టార్క్‌లో 30 శాతం మేర తేడాను పళ్లేల బిగింపు కలుపుతుందనీ అనుకుందాం. బురదలోని చక్రం 150 మోయగలిగితే, రెండో చక్రానికి సుమారు 420 అందుతుంది, మొత్తం 570. మామూలు డిఫరెన్షియల్ ఇచ్చిన 300తో పోలిస్తే ఇది దాదాపు రెట్టింపు, చాలా బండ్లు బయటపడటానికి అది చాలు. అదే చక్రం గాలిలో ఉందనుకోండి. అది మోయగలిగేది సున్నా. స్ప్రింగు ఇచ్చే 100, ఆ 100 వల్ల పుట్టే కొద్దిపాటి అదనపు బిగింపు కలిపి రెండో చక్రానికి 143 దగ్గర ఆగిపోతుంది. గుంత అంచు ఎక్కడానికి మీ బండికి 300 కావాలంటే అది ఎక్కలేదు. మీ పళ్లేలు నిన్ననే మార్చినవైనా ఇదే జరిగేది.

ఈ యంత్రం ఎందుకు ఇలా రూపొందిందో దాని చరిత్రే చెబుతుంది. 1930లలో ఫెర్డినాండ్ పోర్షె రూపొందించిన ఆటో యూనియన్ పందెపు కార్లలో ఇంజన్ శక్తి ఎంత ఎక్కువగా ఉండేదంటే, చాలా వేగంగా పోతున్నప్పుడు కూడా ఒక వెనుక చక్రం అదేపనిగా జారిపోయేది. దానికి పరిష్కారంగా జర్మనీలోని జెడ్ఎఫ్ సంస్థ 1935లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌ను తయారుచేసింది. అక్కడి సమస్య మలుపులో భారం తగ్గిన చక్రానిది, గాలిలో తేలిన చక్రానిది కాదు. కొంతైనా పట్టు ఉన్న చోట ఆ కొంతను పెంచి రెండో వైపు అందించడమే దానికి అప్పగించిన పని, ఆ పనిని అది నేటికీ చాలా చక్కగా చేస్తోంది.

గాలిలో తేలిన చక్రానికి ఒక ఉపాయం ఉంది. హ్యాండ్ బ్రేక్ వెనుక చక్రాల డ్రమ్ముల మీదో డిస్కుల మీదో పనిచేసే బండి అయితే, దానిని సగం వరకు, మెల్లగా లాగి పట్టుకుని, కింది గేరులో ఆక్సిలరేటర్‌ను నెమ్మదిగా ఇవ్వండి. బ్రేకు ఒక్కో చక్రం మీద 200 న్యూటన్ మీటర్ల ఎదురు కల్పించిందనుకుందాం. గాలిలోని చక్రం ఇప్పుడు సున్నా కాదు, 200 మోస్తోంది. పైన చెప్పిన లెక్క ప్రకారం రెండో చక్రానికి సుమారు 514 అందుతుంది. అందులో దాని సొంత బ్రేకు 200 తినేసినా, నేలను నెట్టడానికి 314 మిగులుతుంది. బ్రేకు లేనప్పుడు ఉన్నది 143 మాత్రమే కదా. ఇదే ఉపాయాన్ని మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండికి కూడా కొందరు చెబుతుంటారు. అక్కడ దీని వల్ల ప్రయోజనం లేదు. రెండు వైపులా సమానంగా 200 వెళితే రెండో చక్రం దగ్గర బ్రేకు ఆ 200నూ మింగేస్తుంది, మిగిలేది ఏమీ ఉండదు. కాలి బ్రేకు నొక్కితే మీ బండిలో పరిస్థితి ఇంకా అధ్వానమవుతుంది, ఎందుకంటే ముందు చక్రాలు కూడా పట్టేసుకుని బండిని ఆపుతాయి. నాలుగు చక్రాలనూ నడిపించే హమ్వీ సైనిక వాహనంలో ముందూ వెనుకా గేర్లతో పనిచేసే లిమిటెడ్ స్లిప్ ఉంటుంది కాబట్టి దాని డ్రైవర్లకు కాలి బ్రేకునూ ఆక్సిలరేటర్‌నూ కలిపి వాడటమే నేర్పుతారు. అది ఆ వాహనానికి సరిపోతుంది, మీ పికప్‌కు కాదు. ఏదైనా సరే, ఈ ఉపాయం నడక వేగంలో, కొన్ని క్షణాల పాటు మాత్రమే వాడవలసినది. ఎక్కువసేపు లాగి పట్టుకుంటే బ్రేకులూ, పళ్లేలూ రెండూ మాడిపోతాయి.

అయితే మీది పాత బండి కనుక పళ్లేలు అరిగిపోయి ఉండే అవకాశాన్ని కూడా కొట్టిపారేయలేను. దానిని ఇంట్లోనే ఒక మేరకు తెలుసుకోవచ్చు. చదునైన గట్టి నేల మీద ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డాలు పెట్టండి, వెనుక యాక్సిల్‌ను జాకీతో ఎత్తి రెండు వైపులా గట్టి స్టాండ్ల మీద నిలపండి, జాకీ ఒక్కదానినే నమ్ముకోకండి. ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వదిలి, ఒక వెనుక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండో చక్రం అదే దిశలో తిరిగితే స్ప్రింగు, పళ్లేలు ప్రాణంతో ఉన్నట్టు. అది వ్యతిరేక దిశలో తేలికగా తిరిగితే మీది మామూలు డిఫరెన్షియల్ అయినా అయి ఉండాలి, పళ్లేలు పూర్తిగా అరిగిపోయి అయినా ఉండాలి, లేదా స్ప్రింగు ఒత్తిడి లేని గేర్ల రకమైనా అయి ఉండాలి. బలాన్ని అంకెల్లో కొలవాలంటే టార్క్ రెంచ్‌తో చేసే పరీక్ష ఉంది, కానీ సరైన అంకె బండి బండికీ మారుతుంది, మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే మీకు ప్రమాణం.

ఇక్కడ గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. లిమిటెడ్ స్లిప్ ఉన్న బండిలో ఒక్క వెనుక చక్రాన్నే పైకెత్తి, ఇంజన్ నడుపుతూ గేరు వేసి పరీక్షించే పని ఎప్పుడూ చేయకండి, మెకానిక్‌ను కూడా చేయనివ్వకండి. నేల మీద ఉన్న చక్రానికి టార్క్ అంది, బండి జాకీ మీది నుంచి దూకి ముందుకు వచ్చేస్తుంది.

శబ్దం సంగతికి వస్తాను. పళ్లేలు ఒకదానిమీద ఒకటి నునుపుగా జారాలంటే వాటి మధ్య నూనె పొర ఒక ప్రత్యేకమైన గుణంతో ఉండాలి: నిలిచి ఉన్నప్పటి ఘర్షణ, కదులుతున్నప్పటి ఘర్షణ కంటే పెద్దగా ఎక్కువ కాకూడదు. మామూలు జీఎల్-5 గేర్ ఆయిల్ క్రౌన్ వీల్ పళ్లను కాపాడటంలో బాగానే పనిచేస్తుంది కానీ, అందులో ఘర్షణను సవరించే ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే రసాయనం కలపకపోతే పళ్లేలు పట్టుకుని వదలడం, మళ్లీ పట్టుకుని వదలడం మొదలుపెడతాయి. బండిని బాగా తిప్పినప్పుడు రెండు చక్రాల వేగాల్లో తేడా ఎక్కువ ఉంటుంది, బండి మెల్లగా పోతుంది, కాబట్టి ఆ పట్టు-వదులు ఒక్కొక్కటీ విడివిడిగా వినిపిస్తుంది. మీకు వినబడుతున్న గరగర బహుశా అదే. నూనె మార్చిన వ్యక్తి యాక్సిల్‌లో ఏముందో చూసుకోకుండా మామూలు నూనె పోసి ఉంటాడు.

దీనికి వైద్యం సులువు. ఉన్న నూనెను పూర్తిగా దింపించి, లిమిటెడ్ స్లిప్‌కు తగినదని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న, మాన్యువల్ చెప్పిన చిక్కదనం గల నూనెను పోయించండి. లేదా మామూలు జీఎల్-5 నూనెలో ఫ్రిక్షన్ మాడిఫయర్‌ను మాన్యువల్ చెప్పిన పాళ్లలోనే కలిపించండి. ఎక్కువ పోస్తే శబ్దం పోతుంది గానీ పళ్లేల పట్టు కూడా దానితో పాటే పోతుంది, అప్పుడు లిమిటెడ్ స్లిప్ పేరుకే మిగులుతుంది. ఆ తరువాత ఖాళీగా ఉన్న విశాలమైన చోట బండిని మెల్లగా 8 అంకె ఆకారంలో రెండు వైపులకూ కొంతసేపు తిప్పండి. కొత్త నూనె పళ్లేల సందుల్లోకి చేరడానికి అదే మార్గం. అప్పటికీ శబ్దం ఆగకపోతే పళ్లేలు దెబ్బతిన్నాయని అనుకోవలసి వస్తుంది. నేరుగా పోతున్నప్పుడు కూడా, వేగంతో పాటు పెరిగే హోరులాంటి శబ్దం ఉంటే అది పళ్లేలది కాదు. బేరింగులనో, క్రౌన్ వీల్, పినియన్‌ల కలయికనో చూపించుకోవాలి.

మరొక కారణం కూడా ఉంది, దీనిని చాలామంది పట్టించుకోరు. వెనుక యాక్సిల్ మీద రెండు వైపులా ఒకే కొలత, ఒకే అరుగుదల ఉన్న టైర్లు ఉన్నాయో లేదో చూడండి. కొత్త టైరు వ్యాసార్ధం 350 మిల్లీమీటర్లు, అరిగిన దానిది 344 అనుకుంటే, తిన్నని రోడ్డు మీద కూడా ఒక చక్రం కిలోమీటరుకు దాదాపు 8 చుట్లు ఎక్కువ తిరగాలి. నూరు కిలోమీటర్ల ప్రయాణంలో అది 800 చుట్లు. మామూలు డిఫరెన్షియల్ దీనిని లెక్కచేయదు గానీ, మీ యాక్సిల్‌లో ఆ 800 చుట్లూ పళ్లేల రాపిడిగా, వేడిగా మారుతాయి. చిన్న స్టెప్నీ టైరు వేసుకుని దూరం పోకూడదనడానికి ఇదొక బలమైన కారణం.

వెల్డింగ్ మాట. స్పైడర్ గేర్లను సైడ్ గేర్లకు అతికించేస్తే డిఫరెన్షియల్ అనేదే లేకుండా పోతుంది, పైన చెప్పిన దూరాల తేడా ప్రతి మలుపులోనూ టైర్ల మీదా, యాక్సిల్ షాఫ్టుల మీదా పడుతుంది. పట్టు ఉన్న రోడ్డు మీద ముందు చక్రాలు ఎటు తిప్పినా బండి నేరుగా పోవడానికే మొగ్గుతుంది; తడి రోడ్డు మీద వెనుక భాగం ఉన్నట్టుండి పక్కకు జారుతుంది. ఇంతకంటే నాకు ఎక్కువ భయం కలిగించేది ఆ గేర్ల ఉక్కు. పై పొర గట్టిపడేలా వేడి చేసి చల్లార్చిన గేర్లను వెల్డింగ్ వేడి పెళుసుగా చేస్తుంది. అతుకు దగ్గర పగిలిన ముక్క క్రౌన్ వీల్ పళ్ల మధ్య ఇరుక్కుంటే వేగంగా పోతున్న బండి వెనుక చక్రాలు అక్కడికక్కడే బిగుసుకుపోతాయి. పందెపు మైదానంలో కావాలని బండిని జార్చేవారు కొందరు ఇలా చేసుకుంటారు. మనుషులను ఎక్కించుకుని రోడ్డు మీద తిరిగే బండికి ఇది తగదు.

రెండు చక్రాలూ కలిసి తిరగడమే మీకు నిజంగా కావలసింది అయితే, దానికి తగిన వస్తువులు వేరే ఉన్నాయి. మీట నొక్కితే కేజ్‌నూ సైడ్ గేరునూ కలిపి తాళం వేసి, అక్కర తీరాక మళ్లీ విడదీసే లాకింగ్ డిఫరెన్షియల్ ఒకటి. చక్రం తరచుగా గాలిలో తేలే గుంతల దారులే మీ దారి అయితే, నా అభిప్రాయంలో డబ్బు పెట్టవలసింది దీని మీదే. తనంతట తానే తాళం పడే రకం మరొకటి: ఈటన్ సంస్థ చేసే మెకానికల్ లాకర్‌లో రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటగానే లోపలి బరువులు విచ్చుకుని తాళం పడుతుంది, బండి వేగంగా పోతున్నప్పుడు మాత్రం పడదు. అలాంటిది ఉన్న బండిలో చక్రం జారగానే ఆక్సిలరేటర్ వదిలేయకుండా ఒక్క క్షణం నిలకడగా పట్టుకోవాలి. ధనామని ఒక దెబ్బ వినబడి బండి ముందుకు సాగుతుంది.

గేర్లతోనే పనిచేసే రకాన్ని, టోర్సెన్ పేరుతో ప్రసిద్ధమైన దానిని, అమెరికాకు చెందిన వెర్నన్ గ్లీజ్‌మన్ 1958లో పేటెంట్ చేశాడు. అందులో పళ్లేలు ఉండవు, మెలితిరిగిన పళ్లున్న గేర్లు ఒకదానితో ఒకటీ, కేజ్ గోడతోనూ ఒరుసుకోవడం వల్ల వచ్చే ఘర్షణే పని చేస్తుంది. అది జారే చక్రం మోస్తున్న టార్క్‌ను ఒక నిష్పత్తితో హెచ్చించి రెండో దానికి ఇస్తుంది. నిష్పత్తి 3 అయితే 150కి బదులు 450. సున్నాను ఎన్నింటితో హెచ్చించినా సున్నాయే కనుక, గాలిలో తేలిన చక్రం దగ్గర ఇది మీ దానికంటే కూడా నిస్సహాయం. కానీ అరుగుదల తక్కువ, ప్రత్యేక నూనె అక్కరలేదు, స్టీరింగ్‌ను పెద్దగా లాగదు. ముందు చక్రాలతో నడిచే కార్లకు నేను దీనినే ఎంచుకుంటాను. సిలికాన్ ద్రవంలో పళ్లేలు తిరిగే విస్కస్ రకం చక్రాల వేగాల్లో తేడా వచ్చిన తరువాతే మేల్కొంటుంది, అందుకే బురదలో ఆలస్యంగా స్పందిస్తుంది. కొత్త కార్లలో చాలా వాటికి ఇవేవీ ఉండవు. ఏబీఎస్ సెన్సర్లు జారే చక్రాన్ని గుర్తించి, ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేస్తాయి. ఒక వైపే వేస్తాయి కనుక మామూలు డిఫరెన్షియల్‌తో కూడా ఆ బ్రేకు కల్పించిన ఎదురంత టార్క్ రెండో చక్రానికి పూర్తిగా దక్కుతుంది. చేత్తో లాగే హ్యాండ్ బ్రేకు చేయలేనిది ఇదే.

లిమిటెడ్ స్లిప్ ఉన్న బండిని నడిపేటప్పుడు జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం జారినా రెండోది ఉత్తినే దొర్లుతూ బండిని పక్కకు పోకుండా పట్టుకుని ఉంటుంది. మీ దానిలో నున్నని వాలు మీద ఆక్సిలరేటర్ ఎక్కువ ఇస్తే రెండు చక్రాలూ కలిసి జారతాయి, అప్పుడు వెనుక భాగాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు, బండి పల్లం వైపు ఒరిగిపోతుంది. అడ్డవాలు మీద, నీరు నిలిచిన మలుపులో, మంచు మీద కాలు తేలికగా ఉంచండి.

కాబట్టి మొదట వెనుక టైర్ల కొలతలు చూసుకోండి, యాక్సిల్ మీద అతికించిన పలక చదివి మీ డిఫరెన్షియల్ రకాన్ని మాన్యువల్‌తో సరిపోల్చుకోండి, ఆ తరువాత నూనె మార్పించి 8 ఆకారంలో తిప్పి వినండి. శబ్దం ఆగిపోయి, స్టాండ్ల మీద రెండు చక్రాలూ ఒకే దిశలో తిరిగితే మరమ్మతు అక్కరలేదు. ఆగకపోయినా, చక్రాలు ఎదురెదురుగా తిరిగినా, పళ్లేలూ స్ప్రింగులూ కలిపి మార్పించండి. కొత్త పళ్లేలను బిగించే ముందు సరైన నూనెలో నానబెట్టమనీ, సందు కొలిచి తగిన మందం గల షిమ్‌లు (సందు నింపే పలుచని రేకులు) వేయమనీ మెకానిక్‌కు ముందే చెప్పండి. ఆ కొలత తీయడానికి పరికరాలు లేవని అతను అంటే, ఆ పనిని యాక్సిల్ పని తెలిసిన మరొకరికి అప్పగించండి.